పెసా లేని ఊళ్ళలో ప్రకృతికి మాటిచ్చింది ఎవరు? చిలమకూరు వైపు నుంచి ఒక చరిత్ర



గ్రూపులో నియమగిరి గురించి, పెసా చట్టం గురించి మంచి పోస్టులు చాలా వచ్చినాయి. ఏజెన్సీ మిత్రులు రాసిన ఆ పోస్టులు చదివినప్పుడల్లా కడప జిల్లా పిల్లలం అనుకునే మాట ఒకటే. అవన్నీ వాళ్ళకు, మనకేముంది? మన జిల్లా ఐదో షెడ్యూల్లో లేదు. మనం మైదాన ప్రాంతం ఎస్టీలం. సుగాలీలు, ఎరుకలోళ్ళు, యానాదులు. ఊరి చివర, తండాలో, వంక పక్కన ఉండేవాళ్ళం. కొండ మనది అనలేము, గని వద్దు అనలేము. పంచాయతీకి పోతే ఇంటి పట్టా కోసమో పింఛను కోసమో పోతాం గానీ, చెట్టు గురించీ వంక గురించీ అడిగేదానికి పోయినోళ్ళు తక్కువ.

అయితే చరిత్ర వెనక్కి తిప్పి చూస్తే ఒక సంగతి కనపడుతుంది. ఊరి సభ ప్రకృతిని కాపాడాలి, పాడైనదాన్ని బాగు చేయాలి అనే మాట మన సీమలో కొత్తది కాదు. వందేళ్ళకు పైగా ఆ మాట కాగితం మీద ఉంది, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ప్రతిసారీ ఆ కాగితంలో మన జాగా ఎక్కడుందో చూడాలి, దాని కోసమే ఈ పోస్టు. మన ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మనమే కాబట్టి, ఈ చట్టాలు చదివి ఇంట్లో వాళ్ళకు చెప్పే పని కూడా మనదే. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

రైలు, ఉప్పు, అడవి

ఎర్రగుంట్ల స్టేషన్ మీదుగా పోయే లైను మద్రాసు నుంచి రాయచూరు దాకా 1871లో పూర్తయి, బొంబాయి లైనుతో కలిసింది. చిలమకూరు ఎర్రగుంట్ల మండలమే కాబట్టి మన కథ ఇక్కడ నుంచే మొదలుపెట్టొచ్చు. రైలు రాకముందు కోస్తా ఉప్పును లోపలి జిల్లాలకు ఎద్దుల మీద మోసింది ఎవరు? ఎరుకలోళ్ళు, సుగాలీలు. ఉప్పు తెచ్చి, ధాన్యం తీసుకుని పోయేవాళ్ళు. దారి పొడుగునా ఎద్దులకు మేత కావాలి, నీళ్ళు కావాలి. ఊరి బీళ్ళు, గుట్టలు, వంకలు అందరివిగా ఉన్నందువల్లనే ఆ వ్యాపారం నడిచింది.

అదే 1871లో మద్రాసు రెవెన్యూ బోర్డు ఒక అభిప్రాయం రాసింది. ఈ రాజధాని ప్రాంతంలో ఏదో ఒక ఊరి పొలిమేరలో లేని అడవి దాదాపు లేదని, వాటి మీద ఊళ్ళకూ తెగలకూ తరతరాల హక్కులున్నాయని, ప్రభుత్వం వాటిని తన ఆస్తి అనడం ఈమధ్య మొదలైన సంగతేనని దాని సారాంశం. తెల్లదొరల ఆఫీసే ఆ మాట రాసింది. కానీ 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేస్తామని ప్రకటిస్తారు, హక్కున్నవాళ్ళు గడువు లోపల ఆఫీసరు ముందుకొచ్చి చెప్పుకోవాలి, చెప్పుకోకపోతే హక్కు పోయినట్టే. చదువు రాని, ఒకచోట నిలబడని మన వాళ్ళు ఆ గడువులో పోయి ఏం చెప్పుకుంటారు?

ఒక పక్క రైలు ఉప్పు వ్యాపారాన్ని తీసుకుపోయింది, ఇంకో పక్క రిజర్వు అడవి మేతను తీసుకుపోయింది. రెండూ ఒకే కాలంలో మీద పడినాయి.

1913: పంచాయతీకి అడవి, మనకు హాజరు పట్టీ

రిజర్వు అడవుల మీద రైతుల కోపం బాగా పెరిగింది. జంతువు అడవిలోకి పోతే బందెలదొడ్డి, కట్టెలు తెస్తే జరిమానా. ఆ గొడవలు తట్టుకోలేక మద్రాసు ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1913లో ఆ అటవీ కమిటీ, ఊళ్ళ దగ్గరి మేత అడవులను అటవీ శాఖ నుంచి తీసి ఊరి పంచాయతీల చేతికి ఇవ్వొచ్చని సిఫారసు చేసింది. అట్లా వచ్చినవే అటవీ పంచాయతీలు. పంచాయతీ సర్కారుకు గుత్త కట్టాలి, ఊరోళ్ళ దగ్గర మేత రుసుం వసూలు చేసుకోవాలి, అడవి పాడు కాకుండా చూసుకోవాలి. ఊరి సభకు ప్రకృతి బాధ్యత అప్పజెప్పిన పాత ప్రయత్నాల్లో ఇది ఒకటి. నేటి వన సంరక్షణ సమితులకు తాత లాంటిది.

ఇప్పుడు దాని పక్కనే ఇంకో తేదీ పెట్టి చూడండి. 1911లో నేరస్థ తెగల చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికి వర్తింపజేసినారు. తర్వాతి ఏళ్ళలో ఎరుకల, కొన్ని చోట్ల యానాది, సుగాలీ కుటుంబాల పేర్లు రిజిస్టర్లకెక్కినాయి. వేలిముద్రలు, పోలీసు దగ్గర హాజరు, చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. కర్నూలు జిల్లా సిద్ధాపురం, గుంటూరు వైపు స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో కుటుంబాలను పెట్టినారు.

అంటే ఊరి పెద్దలను పిలిచి "అడవిని మీరు చూసుకోండి" అన్న ఏళ్ళలోనే, ఆ అడవిలో తిరిగి బతికినోళ్ళను "మీరు కదలొద్దు" అన్నారు. పంచాయతీలో పెద్ద రైతు కూర్చున్నాడు, మన తాతలు పోలీసు స్టేషన్ ముందర వరసలో నిలబడినారు. ప్రకృతిని కాపాడే మొదటి మాట మన ఊళ్ళలో ఇట్లా మొదలైంది.

1921లో సహాయ నిరాకరణ కాలంలో అప్పటి కడప జిల్లా రాయచోటి తాలూకాలో, గుంటూరు జిల్లా పల్నాడులో అటవీ సత్యాగ్రహాలు జరిగినాయి. జనం పుల్లరి కట్టకుండా మంద తోలుకుని అడవిలోకి పోయినారు. పల్నాడులో కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపినారు. ఇది మనకందరికీ తెలిసిన కథే. రాయచోటి పేరు మాత్రం మన జిల్లా పిల్లలకే చాలామందికి తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ తేదీని విముక్త దినంగా జరుపుకుంటున్నాం. చట్టం రద్దయినా ఊళ్ళో చూసే చూపు వెంటనే మారలేదు, అది మన అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్తారు.

సిమెంటు రాయి ఊరు

ఇప్పుడు చిలమకూరుకు వద్దాం. ఈ నేల కింద సున్నపురాయి ఉంది. కడప, కర్నూలు వైపు ఇళ్ళకు వేసే నాపరాళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీల రాయి అంతా ఈ సున్నపురాయి పొరల్లోదే. అందుకే ఎర్రగుంట్ల, కమలాపురం, జమ్మలమడుగు మధ్యలో ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. చిలమకూరు ఫ్యాక్టరీ 1990లో కోరమాండల్ నుంచి ఇండియా సిమెంట్స్ చేతికి వచ్చింది. ఎర్రగుంట్లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ నడిపిన ఫ్యాక్టరీ కూడా 1998లో అదే కంపెనీకి పోయింది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి వచ్చింది. కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు 1994 నుంచి కరెంటు ఇస్తోంది.

వీటివల్ల పనులు వచ్చినాయి, అది కాదనలేం. మన వాళ్ళు కూడా లోడింగులో, కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు. ఇక్కడ ఫ్యాక్టరీ మంచిదా చెడ్డదా అని తేల్చడానికి కూర్చోలేదు. గమనించాల్సిన సంగతి వేరే ఉంది. ముప్పై నలభై ఏళ్ళలో కంపెనీ బోర్డు మీద పేరు మారుతూ వచ్చింది. రాయి తీసిన గుంత, దాని పక్కన బీడు, నీళ్ళు దిగే వంక మాత్రం ఊరితోనే ఉన్నాయి. కాబట్టి ఆ నేలను బాగు చేసే మాట రేపటికీ గుర్తుపెట్టుకోవాల్సింది ఊరి సభ. ఆ సభకు చట్టం ఏం ఇచ్చిందో చూద్దాం.

1993 తర్వాత: కాగితం మీద చాలా ఉంది

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాలున్నాయి. అందులో సామాజిక అడవులు, చిన్నతరహా అటవీ ఉత్పత్తులు, నీటి యాజమాన్యం, చేపలు, వంటచెరుకు, పశుగ్రాసం ఉన్నాయి. మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. మేత పోరంబోకు, కళ్ళాలు, శ్మశానాలు, తోపులు పంచాయతీకి దఖలు పడతాయని ఆ చట్టం చెప్తుంది. ప్రభుత్వం తనకు అవసరమనుకుంటే నోటిఫికేషనుతో వెనక్కి తీసుకోవచ్చని కూడా అదే చట్టం చెప్తుంది. ఒక చేత్తో ఇచ్చి, ఇంకో చేతిని తాళం మీదనే ఉంచుకున్నట్టు.

1996లో పెసా వచ్చింది, ఏజెన్సీ గ్రామసభలకు బలం వచ్చింది. 1997లో సమతా తీర్పు వచ్చింది. 2013లో సుప్రీంకోర్టు చెప్పినట్టు నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చుంటే, పన్నెండూ గని వద్దన్నాయి. కానీ నియమగిరి గ్రామసభలకు ఆ గట్టిదనం పెసా ఒక్కదాని వల్ల రాలేదు, 2006 అటవీ హక్కుల చట్టం వల్ల కూడా వచ్చింది. ఈ ముక్క మన మైదానం పిల్లలం గట్టిగా పట్టుకోవాలి. ఎందుకంటే అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డు ప్రాంతానికే కట్టిపెట్టిన చట్టం కాదు, అటవీ భూమి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది. అడవి పక్కనున్న మన తండాలు ఒక్కో ఇంటికి పట్టా అడగడంతో పాటు, ఊరంతా కలిసి వాడుకునే అడవిని కాపాడుకునే హక్కును, తిరిగి పెంచుకునే హక్కును కూడా అడగొచ్చు. అదే చట్టం ఐదో సెక్షన్ అడవిని, వన్యప్రాణిని, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మన దగ్గర పట్టా దరఖాస్తు గురించి తెలిసినంతగా ఈ సెక్షన్ గురించి తెలియదు.

అడవి లేని చిలమకూరు లాంటి ఊళ్ళకు ఏముంది మరి? 2002 జీవవైవిధ్య చట్టం ఉంది. దాని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి పంచాయతీ, ప్రతి మునిసిపాలిటీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయాలి. ఏజెన్సీ, మైదానం తేడా లేదు. చిలమకూరుకూ ఉండాలి, ప్రొద్దుటూరు మునిసిపాలిటీకీ ఉండాలి, పులివెందులకూ ఉండాలి. ఆ కమిటీ ఊరోళ్ళను అడిగి ఒక పుస్తకం తయారు చేయాలి, దాని పేరు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్. ఊళ్ళో ఏ చెట్లు, ఏ విత్తనాలు, ఏ చేపలు, ఏ పిట్టలు, ఏ మందాకులు ఉన్నాయి, వాటి గురించి ఎవరికి తెలుసు, ఏవి తగ్గిపోయినాయి అనేది అందులో రాయాలి. 2004 కేంద్ర నియమాల ప్రకారం కమిటీలో అధ్యక్షునితో పాటు ఆరుగురి దాకా ఉండేవాళ్ళు. వాళ్ళలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాలని ఆ నియమాల్లో రాసినారు.

1913లో లేని కుర్చీ ఇది. పేరు పెట్టి నియమాల్లోనే రాసినారు.

హడావుడిగా రాసిన పుస్తకాలు

మరి ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? చట్టం వచ్చి పద్నాలుగేళ్ళయినా దేశంలో చాలా పంచాయతీల్లో కమిటీలే వేయలేదని 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్లో కేసు పడింది. 2020 జనవరి 31 లోపల అన్ని చోట్లా కమిటీలు, రిజిస్టర్లు పూర్తి కావాలని, లేకుంటే ఫిబ్రవరి నుంచి నెలకు 10 లక్షల రూపాయలు ఒక్కో రాష్ట్రం కట్టాలని ట్రిబ్యునల్ చెప్పింది. దాంతో ఏళ్ళ తరబడి కదలని పని నెలల్లో పరుగెత్తింది. ఇప్పుడు దేశంలో రెండున్నర లక్షలకు పైగా కమిటీలు ఉన్నట్టు లెక్క.

గడువు కోసం రాసిన పుస్తకం ఎట్లా ఉంటుందో మనకు తెలుసు, మనం కూడా రికార్డులు రాసినోళ్ళమే. ఊరు ఊరు తిరిగి ముసలోళ్ళను అడిగి రాయాలంటే ఏడాది పడుతుంది. ఆఫీసులో కూర్చుని పక్క ఊరి జాబితా చూసి రాస్తే ఒక పూట పడుతుంది. వేప, తుమ్మ, కానుగ అని రాస్తే ఏ ఊరికైనా సరిపోతుంది.

ఆ పూట పనిలో ఏం పోతుందో చెప్పేదానికి మన జిల్లాలోనే ఒక కథ ఉంది, కలివికోడి కథ. ఈ పిట్ట 1900 తర్వాత పక్షి శాస్త్రజ్ఞులెవరికీ కనపడలేదు. అంతరించిపోయింది అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల కింద, రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. కనిపెట్టింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ అని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. కానీ రాత్రిపూట లైటు పట్టుకుని పొదల్లో దాన్ని పట్టి తెచ్చింది ఒక స్థానిక వేటగాడు. శాస్త్రానికి 86 ఏళ్ళు కనపడని పిట్ట, ఆ పొదల్లో తిరిగే మనిషికి తెలుసు. తర్వాత 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. ఈ పిట్ట దట్టంగా మూసుకుపోయిన అడవిలో ఉండదు, పొదలన్నీ కొట్టేసిన బీడులోనూ ఉండదు. మధ్య మధ్య ఖాళీలున్న పొదల్లో ఉంటుంది. అట్లాంటి చోటు ఎట్లా నిలబడుతుందో మేకలు తోలేవాళ్ళకు, కట్టెలు కొట్టేవాళ్ళకు తెలుస్తుంది. ఎక్కడ ఎంత మేపాలి, ఎంత కొట్టాలి, ఎప్పుడు ఆపాలి అనే ఆ తెలివిడి రిజిస్టర్లో ఉండాలి. అది రాయాలంటే వాళ్ళను అడగాలి, వాళ్ళలో మన వాళ్ళు ఉన్నారు.

చిలమకూరు వైపు అట్లాంటి తెలివిడి లేదని అనుకోవద్దు. ఈత పొద ఏ వంకలో ఉంటే ఆకు బుట్టకు పనికొస్తుంది, ఏ నెలలో కోస్తే మళ్ళీ చిగురేస్తుంది అనేది ఎరుకల ఆడోళ్ళకు తెలుసు. నీళ్ళు తగ్గే కాలంలో ఏ చేప ఏ మడుగులో మిగులుతుంది, ఎలుక బొరియ ఏ గట్టుకు ఎంత చేటు అనేది యానాదులకు తెలుసు. ఏ కసువు గొడ్డుకు పాలిస్తుంది అనేది సుగాలీ పెద్దలకు తెలుసు. వంక పూడిస్తే పోయేది నీళ్ళొక్కటే కాదు, ఈ తెలివిడికి పనే లేకుండా పోతుంది. ఆ తెలివిడి ఉన్న ముసలోళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. చట్టానికి గడువు పొడిగిస్తారు, వాళ్ళకు ఎవరూ పొడిగించలేరు.

బాగు చేసి పోగొట్టుకున్నోళ్ళు

జాబితాలో రాయించుకోకపోతే ఏం జరుగుతుందో పక్కన అనంతపురం వైపు చూడొచ్చు. చెన్నేకొత్తపల్లి, రొద్దం వైపు ఊళ్ళు 1990ల మొదట్లో టింబక్టు కలెక్టివ్‌తో కలిసి కల్పవల్లి అనే చోట బోడిగుట్టలను కాపాడడం మొదలుపెట్టినాయి. పెద్దగా మొక్కలు నాటలేదు. మంట పడకుండా చూసుకున్నారు, కావలి పెట్టుకున్నారు, నరకడం ఆపినారు, వాన నీళ్ళు నిలిపినారు. ఇరవై ఏళ్ళలో వేల ఎకరాలు పచ్చబడినాయి, కసువు వచ్చింది, వంకల్లో ఈత వచ్చింది, తోడేళ్ళూ జింకలూ తిరిగినాయి. కానీ రెవెన్యూ రికార్డులో అది బంజరే. ఆ బంజరును గాలిమరలకు ఇచ్చేసినారు. గుట్టల మీద రోడ్లు వేసినారు, ఊళ్ళు హరిత ట్రిబ్యునల్ దాకా పోవాల్సి వచ్చింది.

గాలి కరెంటు చెడ్డదని చెప్పడం లేదు. ఊరు ఇరవై ఏళ్ళు చేసిన పని ఏ కాగితంలోనూ లేకపోతే, పైనుంచి చూసేవాళ్ళకు అది ఖాళీ నేలలాగే కనపడుతుంది. అందుకే కాగితం కావాలి.

డబ్బు లేదు అనే మాటకు

పంచాయతీలో అడిగితే మొదట వచ్చే జవాబు నిధులు లేవు అని. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ నిధి పెట్టినారు. పాత లీజులోళ్ళు రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త లీజులోళ్ళు 10 శాతం దానికి కట్టాలి. సిమెంటు సున్నపురాయికీ ఇది వర్తిస్తుంది. తాగునీళ్ళు, వైద్యం, చదువు, పర్యావరణం లాంటివి ఆ డబ్బుకు మొదటి పనులు. షెడ్యూల్డు ప్రాంతాల్లో అయితే పనులకు గ్రామసభ ఆమోదం కావాలి. మన దగ్గర ఆ పట్టు లేదు కాబట్టి, అడిగే నోరు ఇంకా ఎక్కువ కావాలి.

ఇంకొకటి. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. గని పని అయిపోయిన నేలలో మళ్ళీ గడ్డి పెంచి, పశువుల మేతకు పనికొచ్చేలా చేయాలనే షరతు లీజుల్లో పెట్టమని కేంద్రానికి చెప్పింది. గుంతలున్న ప్రతి ఊరి గ్రామసభ తీర్మానంలో రాయదగిన మాట ఇది. మేత పోయింది అని 1882 నుంచి అంటున్నాం. మేతను తిరిగి పెంచాలని పై కోర్టు అన్నది ఇప్పుడు మన చేతిలో ఉంది.

ప్రపంచం మాట కూడా ఒక ముక్క. 2022 డిసెంబరులో మాంట్రియల్లో దేశాలన్నీ కూర్చుని, 2030 నాటికి పాడైన నేల, నీళ్ళలో కనీసం 30 శాతం బాగు చేసే పని మొదలుపెట్టాలని ఒప్పుకున్నాయి. ఇతర దేశాల్లో ఊరి కౌన్సిళ్ళు మేమూ చేస్తాం అని తీర్మానాలు చేస్తున్నాయి. మన దగ్గర తీర్మానం చేసే చోటు గ్రామసభ. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టినారు. తలుచుకుంటే సభ జరుగుతుంది అని తెలిసిపోయింది. అందులో మనం ఏం మాట్లాడినాం అనేదే ప్రశ్న.

సెలవుల్లో చేయదగిన పని

ఈ చరిత్ర చదివి లైకు కొట్టి పోకుండా, ఊరికి పోయినప్పుడు ఇవి చేద్దాం.

ఒకటి: పంచాయతీ కార్యదర్శిని మర్యాదగా అడుగుదాం, జీవవైవిధ్య కమిటీ సభ్యులు ఎవరు, రిజిస్టర్ చూపిస్తారా సార్ అని. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు రాద్దాం. ఎట్లా రాయాలో తెలియకపోతే ఇక్కడ అడగండి, సీనియర్లు చెప్తారు.

రెండు: కమిటీలో మన వాళ్ళ పేరు ఉందా చూద్దాం. ఉంటే, ఆ పేరున్న మనిషికి ఆ సంగతి తెలుసా అని ఇంటికి పోయి అడుగుదాం.

మూడు: మనమే ఒక నోటు పుస్తకం పెట్టి అవ్వను, తాతను, పెదనాయనను అడిగి రాసుకుందాం. చెట్టు పేరు మన మాటలో, ఎరుకల మాటలో, గోర్ బోలిలో ఏమంటారో అట్లాగే రాద్దాం. అయితే మందాకుల విషయంలో జాగ్రత్త. చెప్పిన మనిషి వద్దంటే పైకి ఇవ్వొద్దు. రిజిస్టర్లో రహస్యంగా ఉంచాల్సినవి వేరుగా ఉంచమని అడిగే హక్కు మనకుంది.

నాలుగు: గ్రామసభలో ఒక్క తీర్మానం. ఫలానా వంక, ఫలానా కుంట, ఫలానా మేత బీడు ఊరు కాపాడుతుంది అని పేర్లతో, సర్వే నంబర్లతో. గుంతలుంటే గడ్డి పెంచే మాట కూడా అందులోనే.

1913లో అడవిని ఊరికి ఇచ్చిన రోజు మన వాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టర్లో ఉన్నాయి. నూట పదేళ్ళ తర్వాత ఇంకో రిజిస్టర్ వచ్చింది. ఇందులో మన పేర్లు నేరస్థులుగా కాదు, తెలిసినోళ్ళుగా ఉండాలి. మీ పంచాయతీలో ఆ పుస్తకం చూసినోళ్ళు ఎవరైనా ఉంటే, అందులో మన వాళ్ళు చెప్పిన ఒక్క చెట్టు పేరైనా ఉందో లేదో కింద రాయండి.